నీళ్లలో ఏది కరుగుతుందో అణువును చూసి చెప్పడం ఎలా

మిరపకో మామిడికో బూడిద తెగులు సోకగానే మా నల్లగొండ, పాలమూరు రైతులకు ఏటా అందే సలహా ఒకటుంది: "నీటిలో కరిగే గంధకం" లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేయమని. మందు మంచిదే, మోతాదూ సరైనదే, పొరపాటంతా ఆ పేరులోనే ఉంది. గంధకం నీటిలో కరగదు. ఆ పొడిని బకెట్టులో వేసి కలిపి, కర్ర పక్కన పెట్టి, భోజనం చేసి వచ్చి చూస్తే అడుగున పసుపుపచ్చని మడ్డి పేరుకొని ఉంటుంది. చక్కెర నీళ్లను వారం రోజులు కదలకుండా ఉంచినా అడుగున చక్కెర పేరుకోదు.

తెలుగులో "కరగడం" అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు పనులను చెబుతాం. వెన్న వేడికి కరుగుతుంది, చక్కెర నీళ్లలో కరుగుతుంది, మందు పొడి పంపులో కరుగుతుంది. మొదటిది ఘనపదార్థం తనంతట తాను ద్రవంగా మారడం, రెండవది ఒక పదార్థపు అణువులు విడివిడిగా నీటి అణువుల మధ్య సర్దుకోవడం, మూడవది నలుసులు నలుసులుగానే ఉండి నీళ్లలో చెదిరి తేలడం. రసాయనశాస్త్రంలో కరగడం అంటే రెండవది మాత్రమే. ఇంటర్ పిల్లలు ధ్రువత్వం (అణువులో ఒక వైపు కొంచెం ఋణావేశం, మరో వైపు కొంచెం ధనావేశం ఉండడం) పాఠంలో తడబడేది ధ్రువత్వం అర్థం కాక కాదని, ఈ మూడింటినీ ఒకటిగా తీసుకోవడం వల్లనేనని నా అనుభవం. కాబట్టి అణువు దగ్గరికి వెళ్లేముందు గ్లాసు దగ్గర ఆగాలి.

కరిగిందో లేదో తేల్చుకోవడం

పారదర్శకంగా ఉన్న గాజు గ్లాసు తీసుకొని, అందులో ముప్పావు వంతు నీళ్లు పోసి, పరీక్షించదలచిన పదార్థాన్ని పావు చెంచాకు మించకుండా వేసి రెండు నిమిషాలు కలపండి. గదిలో దీపం ఆర్పి, నల్ల కాగితానికి పెన్సిలు మొనతో ఒక రంధ్రం చేసి, దాని వెనక ఫోన్ టార్చి పెట్టి, ఆ సన్నని వెలుగును గ్లాసు పక్క నుంచి పోనివ్వండి. నీళ్లలో వెలుగు దారి పొగమంచులో బండి దీపంలా కనబడితే అక్కడ ఉన్నవి నలుసులో తుంపరలో అని అర్థం. వెలుగు దారి కనబడకుండా అవతలి గోడ మీద చుక్క మాత్రమే పడితే అది ద్రావణం. నాలుగు చుక్కల పాలు కలిపిన నీళ్లతో, ఉప్పు నీళ్లతో ఒకసారి చేసి చూస్తే ఇక ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇక్కడ రంగును చూసి మోసపోకూడదు. మైలుతుత్తం నీళ్లు నీలంగా ఉంటాయి కానీ గ్లాసు అవతలి అక్షరాలు చక్కగా చదవవచ్చు, అది కరిగినట్టే. సున్నపు నీళ్లు తెల్లగా ఉన్నంతసేపూ అందులో కరగని సున్నం తేలుతున్నట్టే, తేరుకున్నాక పైన మిగిలే తేట నీళ్లలో లీటరుకు 1.7 గ్రాముల దాకా కరిగిన సున్నం ఉంటుంది. ఒకే పాత్రలో కరిగింది, కరగనిది రెండూ ఉండవచ్చునన్న సంగతి మనకు ఫ్లోరైడు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

నీరు ఎలాంటిది

నీటి అణువులో ఒక ఆక్సిజన్‌కు ఇరువైపులా రెండు హైడ్రోజన్లు ఉంటాయి. అవి ఎదురెదురుగా నిలబడవు, 104.5 డిగ్రీల కోణంలో ఒకవైపు ఒరిగి ఉంటాయి. బంధంలోని ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే శక్తిని ఋణవిద్యుదాత్మకత అంటారు. లైనస్ పౌలింగ్ 1932లో ప్రతిపాదించిన కొలమానంలో దాని విలువ ఆక్సిజన్‌కు 3.44, హైడ్రోజన్‌కు 2.20, కార్బన్‌కు 2.55. ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ తేడా 1.24 కాబట్టి ఆ బంధంలో ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు బాగా జరిగి ఉంటాయి. కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ తేడా 0.35 మాత్రమే కాబట్టి అక్కడ పంపకం దాదాపు సమానం. అణువు వంగి ఉండడం వల్ల నీటిలో ఆ రెండు లాగుళ్లు ఒకదానినొకటి రద్దు చేసుకోలేవు, ఫలితంగా ఆక్సిజన్ వైపు కొంచెం ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం నిలుస్తాయి. దీన్నే ధ్రువత్వం అంటారు. దీని కొలతను ద్విధ్రువ భ్రామకం అంటారు. దాన్ని డిబై అనే ప్రమాణంలో చెబుతారు, నీటికి అది 1.85 డిబై.

దువ్వెనను తలకు రుద్ది కుళాయి నుంచి సన్నగా పడే ధార దగ్గర పెడితే ధార వంగుతుందని, అదే నీటి ధ్రువత్వానికి రుజువని పాఠాల్లో చూపిస్తారు. ధార వంగడం నిజమే, చూడడానికీ బాగుంటుంది. అయితే అది ప్రధానంగా ధారలో ప్రేరేపితమైన ఆవేశం వల్ల జరుగుతుందే తప్ప అణువులు తిరిగి నిలబడడం వల్ల కాదు. ధ్రువత్వాన్ని గుర్తు పెట్టుకోవడానికి అది పనికివస్తుంది, రుజువుగా పనికిరాదు.

మనకు అసలు కావలసింది దాని తర్వాతి మెట్టు. ఒక నీటి అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, ఆ పట్టును హైడ్రోజన్ బంధం అంటారు. గ్లాసు నీళ్లలో ప్రతి అణువూ ఇలా నాలుగు వైపులా పొరుగువాళ్లను పట్టుకొని, క్షణక్షణం వదిలి మళ్లీ పట్టుకొంటూ ఉంటుంది. కొత్త పదార్థం ఏదైనా ఆ గుంపులోకి దిగాలంటే కొన్ని పట్లు విడాలి. విడిపోయిన పట్లకు బదులు కొత్త అణువు తన పట్టు ఇవ్వగలదా అన్నదే ప్రశ్న. నూనెకు నీళ్లంటే పడదనీ, రెండూ వికర్షించుకుంటాయనీ అంటుంటారు, అది సరికాదు. నూనె అణువుకూ నీటి అణువుకూ మధ్య ఉన్నదీ ఆకర్షణే, కాకపోతే బలహీనం. నూనె గొలుసు చుట్టూ ఉన్న నీళ్లు తమ పట్లు పోగొట్టుకోకుండా ఒక క్రమంలో ఒదిగి నిలబడవలసి వస్తుంది, ఆ కట్టుబాటు నుంచి విడుదల కావడానికే నీళ్లు ఒకచోట, నూనె ఒకచోట చేరతాయి.

అణువును చదివే పద్ధతి

కాగితం మీద అణువు నిర్మాణం గీసుకొన్నాక మొదట అడగవలసినది, అసలు అది అణువేనా అని. మన ఊళ్ల చుట్టూ ఉన్న గుట్టల్లోని గ్రానైటు రాయిలో సిలికాన్, ఆక్సిజన్ బంధాలు చాలా ధ్రువమైనవే, అయినా వేల ఏళ్ల వానలకు ఆ గుట్టలు కరిగిపోలేదు. అందులో విడదీసి తీసుకుపోవడానికి విడి అణువులు లేవు, రాయి మొత్తం ఒకే అల్లిక. ఉప్పులాంటివి అయాన్ల, అంటే విద్యుదావేశమున్న కణాల కట్టలు, వాటి లెక్క వేరు, తర్వాత చూద్దాం. మిగిలినవి చక్కెర, యూరియా, కర్పూరం, నూనె, స్పిరిట్ వంటి విడి అణువులున్న పదార్థాలు. ఈ పద్ధతి వాటికోసం.

రెండవది, బంధాలను ఒక్కొక్కటిగా గుర్తించడం. ఆక్సిజన్, నైట్రోజన్, ఫ్లోరిన్, క్లోరిన్ ఉన్న బంధాల మీద బాణం గీయండి, బాణం మొన ఎలక్ట్రాన్లు వెళ్లే వైపు ఉండాలి. కార్బన్, హైడ్రోజన్ల మధ్య బాణం అక్కర లేదు. గంధకం అణువు ఒక్కొక్కదానిలో ఎనిమిది గంధక పరమాణువులు కిరీటంలా వలయం కట్టి ఉంటాయి, అన్నీ ఒకే మూలకం కాబట్టి ఒక్క బాణం కూడా పడదు. మొదటి పేరాలోని మడ్డికి కారణం ఇంతే.

మూడవది ఆకారం. కార్బన్ డయాక్సైడులో రెండు గట్టి బాణాలు ఉన్నా, మూడు పరమాణువులూ ఒకే గీత మీద ఉన్నందువల్ల అవి ఎదురెదురుగా లాగి రద్దవుతాయి. కార్బన్ టెట్రాక్లోరైడులో నాలుగు బాణాలు నాలుగు మూలలకు పోయి రద్దవుతాయి. ఒక క్లోరిన్ తీసి హైడ్రోజన్ పెడితే క్లోరోఫాం అవుతుంది, రద్దు కావడం ఆగిపోతుంది, 1 డిబైకి కాస్త పైగా ధ్రువత్వం వస్తుంది.

చాలా గైడ్లు ఇక్కడే ఆగి, "ధ్రువమైనది నీటిలో కరుగును, అధ్రువమైనది కరగదు" అని ముగిస్తాయి. పరీక్షలో ఒక మార్కుకు అది చాలు, గ్లాసు దగ్గర చాలదు. ఇప్పుడే చెప్పిన క్లోరోఫాం ధ్రువమైనదే, అయినా లీటరు నీళ్లలో సుమారు 8 గ్రాములే కరుగుతుంది, మిగిలినదంతా అడుగున వేరే పొరగా నిలుస్తుంది. నైట్రోబెంజీన్ ద్విధ్రువ భ్రామకం 4.2 డిబై, అంటే నీటికి రెట్టింపు కంటే ఎక్కువ. కరిగేది లీటరుకు 2 గ్రాముల లోపే. దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ డయాక్సేన్. ఆరు పరమాణువుల వలయంలో ఎదురెదురుగా రెండు ఆక్సిజన్లు ఉండడంతో బాణాలు దాదాపు రద్దయి 0.45 డిబై మాత్రమే మిగులుతుంది. అయినా అది నీళ్లతో ఏ నిష్పత్తిలోనైనా కలిసిపోతుంది. మొత్తం అణువు ధ్రువత్వాన్ని ఒక అంకెగా తీసుకొని తీర్పు చెప్పకూడదని నేను పట్టుబట్టేది ఈ ఉదాహరణల వల్లనే. నీటి అణువు చిన్నది. అది ఎదుటి అణువు మొత్తాన్ని ఒకేసారి చూడదు, తన పక్కన ఉన్న కొసను మాత్రమే చూస్తుంది. డయాక్సేన్‌లో ఆ కొసలో ఆక్సిజన్ జంట ఎలక్ట్రాన్లతో సిద్ధంగా ఉంది, పట్టు దొరికింది.

కాబట్టి నాలుగవ ప్రశ్న ఇలా అడగాలి: నీళ్లకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? ఆక్సిజన్‌కు గానీ నైట్రోజన్‌కు గానీ అంటుకున్న హైడ్రోజన్ ఉంటే అది గట్టి పట్టు, ఎందుకంటే అది నీళ్లను పట్టుకోగలదు, నీళ్లకు పట్టూ ఇవ్వగలదు. హైడ్రోజన్ లేని ఆక్సిజన్, నైట్రోజన్లు పట్టు ఇవ్వగలవు కానీ తామే పట్టుకోలేవు. క్లోరిన్ దాదాపు లెక్కలోకి రాదు. యూరియాను తీసుకోండి. మధ్యలో ఒకే కార్బన్, దానికి ఒక ఆక్సిజన్, రెండు పక్కలా రెండేసి హైడ్రోజన్లున్న నైట్రోజన్లు. అణువంతా పట్టే, పట్టు లేని చోటంటూ లేదు. అందుకే మామూలు వేడిమి దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్లలో 100 గ్రాములకు పైగా యూరియా కరుగుతుంది. కరిగేటప్పుడు బకెట్టు చల్లబడడం చెయ్యి పెట్టిన ప్రతి రైతుకూ తెలుసు, యూరియా స్ఫటికంలోని పట్లను విడదీయడానికి కావలసిన వేడిని అది నీళ్ల నుంచే తీసుకుంటుంది.

అయిదవది లెక్క. ఒక్కో పట్టు ఎన్ని కార్బన్లను మోయగలదో చూడాలి. ఆల్కహాళ్ల వరుస దీనికి తూకపు రాళ్లలాంటిది. ఒక్క కార్బన్ ఉన్న మిథనాల్, రెండున్న ఇథనాల్, మూడున్న ప్రొపనాల్ నీళ్లతో హద్దు లేకుండా కలుస్తాయి. నాలుగు కార్బన్లు వరుసగా ఉన్న బ్యుటనాల్ 100 మిల్లీలీటర్లలో 7, 8 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. అయిదుకు సుమారు 2 గ్రాములు, ఆరుకు అర గ్రాము చిల్లర. అణువులన్నిటికీ పట్టు ఒక్కటే, బరువు పెరుగుతున్న కొద్దీ అది సరిపోవడం లేదు. ఒక పట్టుకు మూడు కార్బన్ల వరకు నిశ్చింత, నాలుగూ అయిదూ సందేహం, ఆరు దాటితే ఆశ వదులుకోవచ్చు అన్నది నేను వాడే బండ లెక్క. బండ లెక్క అనడం ఎందుకంటే అవే నాలుగు కార్బన్లను వరుసగా కాక ముద్దగా కట్టిన టెర్షియరీ బ్యుటనాల్ నీళ్లతో పూర్తిగా కలుస్తుంది. గొలుసు పొడవుగా సాగి ఉండడం కంటే ముద్దగా ఉండడం నీళ్ల అల్లికను తక్కువగా చెదరగొడుతుంది.

ఈ లెక్కను ఇంట్లోని రెండు నూనెల మీద పెట్టి చూడడం నాకు ఎప్పుడూ ఇష్టం. పల్లి నూనెలోనూ ఆముదంలోనూ అణువు కట్టుబాటు ఒకటే: మూడు కార్బన్ల గ్లిజరాల్ వెన్నుకు మూడు పొడవైన కొవ్వు ఆమ్లపు గొలుసులు. పల్లి నూనెలో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లంతో కట్టిన అణువును గీస్తే 57 కార్బన్లు, 104 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు వస్తాయి. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో నూటికి 85 పాళ్లకు పైగా రిసినోలిక్ ఆమ్లమే. దానితో కట్టిన అణువులో కూడా 57 కార్బన్లు, 104 హైడ్రోజన్లే, కానీ ఆక్సిజన్లు 9. ఎక్కువగా వచ్చిన ఆ మూడూ ఒక్కో గొలుసులో పన్నెండవ కార్బన్ దగ్గర హైడ్రాక్సిల్ సమూహాలుగా, అంటే హైడ్రోజన్ అంటుకున్న ఆక్సిజన్లుగా కూర్చుంటాయి. 57 కార్బన్లకు మూడు గట్టి పట్లు నీళ్లకు ఏ మూలకూ చాలవు, అందుకే రెండు నూనెలూ నీళ్ల మీద తేలుతాయి. అయితే ఆ మూడు పట్ల ఉనికి తెలియాలంటే నీళ్ల కంటే మెత్తని ద్రావణి కావాలి. కళాశాల ప్రయోగశాలలో రెండు పరీక్షనాళికలు తీసుకొని, రెండింటిలోనూ 95 శాతం స్పిరిట్ (ఇథనాల్) పది మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఒకదానిలో ఒక మిల్లీలీటరు ఆముదం, రెండవదానిలో అంతే పల్లి నూనె వేసి కలపండి. మంట దగ్గర లేకుండా చూసుకోండి. ఆముదం కరిగి తేట ద్రవం అవుతుంది, పల్లి నూనె అడుగుకు దిగి వేరే పొరగా నిలుస్తుంది. ఆముదం జిగురుగా, బరువుగా ఉండడానికి కూడా ఆ హైడ్రాక్సిల్ సమూహాలు ఒకదానినొకటి పట్టుకొని లాగడమే ప్రధాన కారణం. పాలమూరు, నల్లగొండ ఎర్ర నేలల్లో పండే ఆముదాలను పరిశ్రమలు అంతగా కోరుకునేది కూడా ఆ పన్నెండవ కార్బన్ కోసమే.

ఆరవ ప్రశ్నను పుస్తకాలు తరచుగా మరిచిపోతాయి: ఆ పదార్థపు అణువులు తమలో తాము ఎంత గట్టిగా పట్టుకొని ఉన్నాయి? చక్కెరలో 12 కార్బన్లకు 8 హైడ్రాక్సిల్ సమూహాలు ఉన్నాయి కాబట్టి 100 మిల్లీలీటర్ల నీళ్లలో 200 గ్రాముల దాకా కరగడం లెక్కకు సరిపోతుంది. మరి పత్తి? పత్తి దారం అంటే గ్లూకోజు ముక్కలను వేల సంఖ్యలో గుచ్చిన దండ, ప్రతి ముక్కలో ఆరు కార్బన్లకు మూడు హైడ్రాక్సిళ్లు ఉన్నాయి. మన లెక్క ప్రకారం మొదటి తొలకరికే చేనులోని దూది కరిగి కాలువలో కలిసిపోవాలి. అలా జరగకపోవడానికి కారణం ఆ దండలు పక్కపక్కన పడుకొని ఒకదాని హైడ్రాక్సిళ్లను ఒకటి పెనవేసుకోవడం, వాటి మధ్యకు వెళ్లి అన్నిటినీ ఒకేసారి విడదీయడం నీళ్ల వల్ల కాదు. అయితే పైపై హైడ్రాక్సిళ్లు నీళ్లను పట్టుకుంటాయి, అందుకే పత్తి బట్ట కరగదు కానీ తడుస్తుంది, చెమటను పీలుస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ కూడా ఇలా మోసం చేసేదే. 21 కార్బన్లకు 6 ఆక్సిజన్లు ఉన్నాయి కదా అని నీళ్లలో వేస్తే కరిగేది లేశం మాత్రమే. ఆ ఆక్సిజన్లలో కొన్ని అణువు లోపలే హైడ్రోజన్‌ను పట్టుకొని కూర్చున్నాయి, మిగిలిన బల్లపరుపు భాగాలు ఒకదానిపై ఒకటి పేర్చుకొన్నాయి. పోపులో పసుపు వేయగానే నూనె పచ్చగా మారడం, చొక్కా మీద పడ్డ పసుపు ఉత్త నీళ్లకు పోకపోవడం రెండూ ఒకటే సంగతి.

వాయువుల గురించి ఒక్క మాట చాలు. ఆక్సిజన్ అధ్రువం కాబట్టి 20 డిగ్రీల దగ్గర గాలి నుంచి లీటరు నీళ్లలోకి సుమారు 9 మిల్లీగ్రాములే కరుగుతుంది, చేపలు బతుకుతున్నది ఆ 9 మిల్లీగ్రాముల మీదనే.

అయాన్లు, మన బోరు నీళ్లు

ఉప్పు వంటి పదార్థాల్లో బాణాలు గీయడం అక్కర లేదు, ఎలక్ట్రాను పూర్తిగా ఒకరి నుంచి ఒకరికి మారిపోయింది. ఇక్కడ పోటీ రెండు పెద్ద శక్తుల మధ్య జరుగుతుంది. స్ఫటికంలో సోడియం, క్లోరైడు అయాన్లను విడదీయడానికి మోలుకు 787 కిలోజౌళ్లు కావాలి. విడిపోయిన అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరి, సోడియం వైపు ఆక్సిజన్‌నూ క్లోరైడు వైపు హైడ్రోజన్‌నూ తిప్పి నిలబడినప్పుడు దాదాపు అంత శక్తీ తిరిగి వస్తుంది. మిగిలే లోటు 4 కిలోజౌళ్లు మాత్రమే, అయాన్లు చెల్లాచెదురుగా తిరిగే స్వేచ్ఛ ఆ లోటును పూడుస్తుంది. 100 మిల్లీలీటర్లలో 36 గ్రాముల ఉప్పు కరగడం ఇలా సాధ్యమవుతుంది. కాల్షియం ఫ్లోరైడులో ఆ లెక్క తలకిందులవుతుంది. కాల్షియంకు రెండు ఆవేశాలు, ఫ్లోరైడు అయాన్ చాలా చిన్నది, దగ్గరదగ్గరగా కూర్చున్నందువల్ల మోలుకు 2,600 కిలోజౌళ్లకు పైగా వెచ్చిస్తే తప్ప అవి విడివడవు. సోడియం ఫ్లోరైడు లీటరుకు 40 గ్రాముల దాకా కరిగితే కాల్షియం ఫ్లోరైడు కరిగేది సుమారు 16 మిల్లీగ్రాములు. ఏ ద్రావణీయత పట్టికలోనైనా దాని ఎదుట "కరగదు" అని రాసి ఉంటుంది.

మా నల్లగొండ వైపు మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల రెండు తరాల పాటు ఎముకలు వంగిపోవడం చూసినవాళ్లు ఆ "కరగదు" అన్న మాటను తేలిగ్గా తీసుకోలేరు. 16 మిల్లీగ్రాముల కాల్షియం ఫ్లోరైడులో ఫ్లోరైడు వంతు దాదాపు 8 మిల్లీగ్రాములు. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. అంటే పట్టికలో కరగదని రాసిన పదార్థం ఉత్త నీళ్లలో ఆ 1.5 హద్దుకు అయిదు రెట్లు ఫ్లోరైడును వదలగలదు. నేల లోపల జరిగేది దీనికంటే కొంచెం మెలికగా ఉంటుంది. నీళ్లలో కాల్షియం ముందే ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు కరగడం తగ్గుతుంది. గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలో సోడియం, బైకార్బనేటు పెరిగి, కాల్షియం సున్నపురాయిగా విడిపోతే ఫ్లోరైడుకు అడ్డు తొలగిపోతుంది.

కరిగిపోయిన అయాన్‌ను బట్టతో వడపోయలేం, మరిగిస్తే నీళ్లు ఆవిరై మిగిలినదాని గాఢత పెరుగుతుందే తప్ప తగ్గదు. మా జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన నల్లగొండ పద్ధతి ఇందుకోసం వచ్చింది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ దీన్ని రూపొందించింది. నీళ్లలో తగినంత సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి మెల్లగా తిప్పితే పటికలోని అల్యూమినియం హైడ్రాక్సైడుగా మారి దూది పింజల్లా గడ్డకడుతుంది, ఆ పింజలు ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరతాయి. ఇక్కడ ఫ్లోరైడు కరగని స్థితికి వచ్చింది నీళ్ల కంటే గట్టి పట్టు దానికి మరోచోట దొరకడం వల్ల. మోతాదు నీటి పరీక్షను బట్టి మారుతుంది, ఎక్కువైతే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది కాబట్టి దీన్ని ఇంట్లో అంచనాగా చేయకూడదు.

కరగనిదాన్ని నీళ్లలోకి దించడం

ఒక పదార్థం నీళ్లలో కరగదని తేలాక రెండు దారులు మిగులుతాయి. ఒకటి కరగకుండానే చెదిరి తేలేలా చేయడం. సబ్బు అణువుకు ఒక కొస అయాను, మిగిలిన పొడవంతా నూనెలాంటి గొలుసు. గొలుసు నూనె తుంపరలోకి దిగుతుంది, అయాను కొస బయట నీళ్లకు పట్టు ఇస్తుంది. వేపనూనె పిచికారీకి లీటరుకు 5 మిల్లీలీటర్ల నూనె, ఒక గ్రాము సబ్బు పొడి వాడతారు. ముందు నూనెలో సబ్బు పొడిని బాగా రుద్ది కలిపి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ గిలకొడితే పాలలా తెల్లగా వస్తుంది. నీళ్లలో నూనె పోసి పైన సబ్బు చల్లితే అలా రాదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఇంటి వెనక దొండ పాదుకు కొట్టడానికి బట్టల సబ్బు బిళ్లను తురిమి, బోరు నీళ్లలో ఈ మిశ్రమం తయారు చేశాను. పావుగంటలో విరిగిన పాలలా తెల్లని తునకలు తేలాయి, పంపు మూతి పూడుకుపోయింది, నూనె అంతా పైకి చేరి పాదు ఆకులు మాడాయి. మా బోరు నీళ్లలోని కాల్షియం సబ్బు కొసలోని సోడియంను తోసేసి ఆ స్థానంలో కూర్చుంది, కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు. కఠినజలం పాఠం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషికి అది పెరట్లో గుర్తుకు రాలేదు. కఠినత ఎక్కువున్న బోరు నీళ్లకు డిటర్జెంట్ పొడి వాడాలి, దాని కాల్షియం లవణం కరిగే ఉంటుంది. ఇక గంధకం పొడి విషయానికొస్తే, దానికి కూడా తడిపే పదార్థాలు కలిపే ఉంటాయి కానీ నలుసులు బరువైనవి కాబట్టి పంపు వీపున ఉన్నంతసేపూ కదుపుతూ ఉండాలి, లేకపోతే మొదటి సాలుకు పలచని మందు, చివరి సాలుకు చిక్కని మందు పడుతుంది.

పుట్టపాక నేతగాళ్లు తేలియా రుమాలు నూలును నూనెలోనూ ఆముదపు కాయల బెరడు కాల్చిన బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి పిసికి నానబెట్టేది కూడా ఈ దారిలోనిదే. బూడిదలోని క్షారంతో నూనెలోని విడి కొవ్వు ఆమ్లాలు కొంత సబ్బుగా మారి, మిగిలిన నూనెను తుంపరలుగా చెదరగొట్టి దారం లోపలికంటా చేరుస్తాయి.

రెండవ దారి అణువునే మార్చడం. నీలిమందు అణువులో రెండు ఆక్సిజన్లు, హైడ్రోజన్‌తో ఉన్న రెండు నైట్రోజన్లు ఉన్నాయి, కాగితం మీద చూస్తే పట్లకు కొదవ లేదు. కానీ ఆ పట్లన్నీ తమలో తామే ముడిపడి ఉండడంతో అది నీళ్లలో ఏమాత్రం కరగదు. అద్దకం చేసేవాళ్లు తొట్టిలో కాస్టిక్ సోడా, వాళ్ల మాటలో "హైడ్రో" అనే సోడియం హైడ్రోసల్ఫైటు కలిపినప్పుడు ఆ రెండు ఆక్సిజన్లూ ఎలక్ట్రాన్లను తీసుకొని ఋణావేశం పొందుతాయి. ముడి విడిపోతుంది, నీలం పోయి పసుపు కలిసిన ఆకుపచ్చ వస్తుంది, రంగు నిజంగా కరుగుతుంది. టార్చి పెట్టి చూసినా వెలుగు దారి కనబడదు. అందులో ముంచిన నూలు చిలపను పైకి తీసి గాలికి ఆరవేస్తే, చూస్తుండగానే అంచుల నుంచి మొదలై లోపలికి నీలం పాకుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ అదనపు ఎలక్ట్రాన్లను తీసుకుపోయింది, అణువులు మళ్లీ ఒకదానినొకటి పట్టుకున్నాయి, ఈసారి దారపు పోగుల లోపల.